అదా, ఇదా? ఇటీవల జంటలుగా చదివిన పుస్తకాలు

ఈ మధ్య నాకొక అలవాటు పట్టుకుంది. పుస్తకాలను ఒంటరిగా చదవడం మానేసి జంటలుగా చదువుతున్నాను. ఒక నేరపరిశోధన నవల పూర్తయితే వెంటనే నేరం గురించే రాసిన మరో రకం నవల. ఒక ఆత్మకథ ముగిస్తే దాని పక్కనే ఒక డైరీ. ఒంటరిగా చదివినప్పుడు "బాగుంది" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే నేను, జంటగా చదివినప్పుడు మాత్రం ఎందుకు బాగుందో, ఎవరికి బాగుండదో కూడా కొంత చెప్పగలుగుతున్నాను.

ఏ పుస్తకం చదవమంటావని అడిగే స్నేహితులను ఇన్నాళ్లూ ఎదురు ప్రశ్న ఒకటే అడిగేవాణ్ణి: నవలా, కథలా, చరిత్రా? ఇప్పుడు ఆ ప్రశ్న మార్చాను. మీ దగ్గరున్న తీరిక చిల్లరగా ఉందా, ఒకే నోటుగా ఉందా? రోజుకు ఇరవై నిమిషాల చొప్పున దొరికేది చిల్లర. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరూ పిలవని ఆదివారం పెద్ద నోటు. దానికి సరిపోయే పుస్తకాన్ని దీనితో కొనబోతే ఇద్దరూ నష్టపోతారు, పాఠకుడూ రచయితా కూడా.

మరి ఏ పుస్తకం దేనికి సరిపోతుందో చదవకముందే ఎలా తెలుస్తుంది? నాకు దొరికిన ఆనవాలు ఒకటుంది. రచయిత దాన్ని ఏ తీరులో రాశాడో చూడటం. వారం వారం రాసింది వారం వారం చదివించుకుంటుంది. ఉత్తరాలుగా రాసింది ఉత్తరంలాగే విప్పమంటుంది. చాలాసార్లు ఈ లెక్క కుదిరింది. ఒకచోట మాత్రం ఘోరంగా తప్పింది. ముందు ఆ ముచ్చటే చెబుతాను.

ఎవరు చంపారు, ఎందుకు చంపారు

అగాథా క్రిస్టీ 1939 నాటి నవల 'అండ్ దెన్ దేర్ వర్ నన్', దోస్తోయెవ్‌స్కీ 1866 నాటి 'నేరము-శిక్ష' వరసగా చదివాను. రెండింటిలోనూ హత్యలున్నాయి, రెండింటిలోనూ అపరాధభావం ఉంది. పోలిక అక్కడితో సరి.

క్రిస్టీ నవలలో పదిమంది ఒక దీవిలోని ఇంటికి చేరతారు. వాళ్లను పిలిపించిన మనిషి జాడ ఉండదు. భోజనాలయ్యాక ఒక గ్రామఫోన్ రికార్డు మోగి, ఒక్కొక్కరి పేరూ చదివి, ఒక్కొక్కరి మీదా ఒక పాత చావును మోపుతుంది. అక్కడి నుంచి ఒక బాలగేయంలోని వరసలోనే మనుషులు రాలిపోతుంటారు. ఈ నవలలో క్రిస్టీ మామూలు డిటెక్టివులైన పోయిరో లేడు, మిస్ మార్పుల్ లేదు. మనకు భరోసా ఇచ్చే తెలివైన మనిషి ఎవరూ లేకపోవడమే దీని బలం. ఇలాంటి కథ నడపడం చాలా కష్టం కాబట్టే అది తనను ఆకర్షించిందని క్రిస్టీ తన ఆత్మకథలో చెప్పుకుంది. ఆ కష్టం పాఠకుడికి ఎక్కడా తెలియదు. పాత్రలకు మాత్రం లోతు తక్కువ. ఒక్కొక్కరికీ ఒక ఉద్యోగం, ఒక పాత తప్పు, ఒక భయం తగిలించి వదిలేసింది. ఇది ఒక్క బిగిన చదవాల్సిన పుస్తకం. మధ్యలో రెండు రోజులు ఆపితే ఎవరు పోయారో ఎవరు మిగిలారో మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి.

'నేరము-శిక్ష'లో ఆ కుతూహలం లేనే లేదు. నవల ఆరు భాగాలు, చివర ఒక ఉపసంహారం. హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది, చేసిందెవరో మన కళ్ల ముందే ఉంటాడు. మిగతా అయిదు భాగాలూ ఆ మనిషి తనను తాను తినేయడమే. 1866 పొడవునా ఇది 'రష్యన్ మెసెంజర్' పత్రికలో విడతలుగా వచ్చింది. నా సిద్ధాంతం ప్రకారం విడతలుగా చదవాలి కదా అని రోజుకో అధ్యాయం చొప్పున మొదలుపెట్టాను. రెండు వారాలకు చేతులెత్తేశాను. ఈ నవల ఒక జ్వరం. పుస్తకం మూసిన ప్రతిసారీ ఆ జ్వరం దిగిపోయేది, మరునాడు తెరిస్తే మళ్లీ ఎక్కడానికి పది పేజీలు పట్టేది. చివరికి వరసగా నాలుగు సెలవు రోజులు చూసుకుని మొదటి నుంచి చదివితే అప్పుడు పట్టుకుంది, వదల్లేదు.

ఈ నవల ఎంచుకునేవారికి రెండు సూచనలు. ఒకటి, పేర్లు. రస్కోల్నికోవ్, రొడియాన్ రొమానొవిచ్, రోద్యా – ముగ్గురూ ఒక్కడే, ఆ హత్య చేసినవాడే. ఒక చీటీ మీద పేర్లు రాసి పుస్తకంలో పెట్టుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండు, రెండో అధ్యాయంలో మర్మెలాదోవ్ అనే తాగుబోతు చెప్పే సుదీర్ఘమైన సొంతగోడు. అక్కడ ఆగిపోయినవారు నాకు తెలిసినవారిలోనే ముగ్గురున్నారు. దాన్ని దాటి మూడో భాగంలో పోర్ఫీరీ అనే దర్యాప్తు అధికారి రంగంలోకి వచ్చేదాకా ఓపిక పట్టండి. పిల్లీ ఎలుకల ఆటను మాటలతో ఇంత బాగా ఆడించిన అపరాధ పరిశోధన నవల నేను చదవలేదు. పరిశోధన నవల కాని దానిలో అది దొరకడం విడ్డూరమే.

ఒక్క ఆదివారమే ఉంటే క్రిస్టీ. నాలుగు రోజులుంటే, మనసు కాస్త గట్టిగా ఉంటే దోస్తోయెవ్‌స్కీ. మనసు బాగాలేని రోజుల్లో మాత్రం రెండోది వద్దు. ఇది నిజంగానే చెబుతున్నాను.

పదమూడేళ్ల వయసు, రెండు పుస్తకాలు

తరవాతి జంట అనుకోకుండా కుదిరింది. ఆన్ ఫ్రాంక్‌కు డైరీ చేతికొచ్చింది 1942 జూన్ 12న, ఆమె పదమూడో పుట్టినరోజున. నెహ్రూ 'గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ'లో మొదటి ఉత్తరం 1930 అక్టోబర్ 26న నైనీ జైలు నుంచి ఇందిరకు ఆమె పదమూడో పుట్టినరోజు కానుకగా రాసింది. ఒకచోట పదమూడేళ్ల అమ్మాయి నాలుగు గోడల మధ్య ఉండి బయటి ప్రపంచం కోసం రాస్తోంది. మరోచోట నాలుగు గోడల మధ్య ఉన్న తండ్రి పదమూడేళ్ల అమ్మాయికి ప్రపంచమంతా రాసి పంపుతున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని ఎవరూ నాకు చెప్పలేదు, అందుకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఆన్ డైరీని చాలామంది కన్నీళ్ల పుస్తకం అనుకుని పక్కన పెడతారు. అందులో ఎంత వెటకారం ఉందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. నాజీల కంటపడకుండా ఎనిమిది మంది రెండేళ్లకు పైగా ఒకే చోట దాక్కుని ఉంటే ఎలాంటి చిల్లర తగాదాలు వస్తాయో, తల్లి మీద కోపం ఎలా పేరుకుంటుందో, ఆ కోపం గురించి మళ్లీ తనకే ఎలా సిగ్గేస్తుందో దాపరికం లేకుండా రాసింది. చివరి పుట 1944 ఆగస్టు 1 నాటిది. మూడు రోజుల తరవాత వాళ్లను పట్టుకున్నారు. ఆ సంగతి మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆ తేడాయే ప్రతి మామూలు వాక్యాన్నీ బరువెక్కిస్తుంది.

డైరీ అంటే పూర్తిగా అప్పటికప్పుడు రాసిందేనని నేనూ అనుకునేవాణ్ణి. అది సగం నిజం. యుద్ధకాలపు డైరీలను, ఉత్తరాలను యుద్ధం ముగిశాక సేకరిస్తామని 1944 మార్చిలో ఒక డచ్చి మంత్రి రేడియోలో చెప్పగా ఆన్ విన్నది. తన డైరీని పుస్తకంగా తీసుకురావాలనే ఉద్దేశంతో తనే మళ్లీ రాయడం మొదలుపెట్టింది. తరవాత తండ్రి ఒట్టో ఫ్రాంక్ ఆ రెండు ప్రతులనూ కలిపి 1947లో అచ్చు వేయించాడు. ఇది తెలిశాక నాకు పుస్తకం మీద గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు. పదిహేనేళ్ల పిల్ల తన వాక్యాలను తానే దిద్దుకుంటోంది!

దీనికి ఎదురుగా గాంధీ 'సత్యశోధన'ను కూడా తూచి చూశాను. 1925 నుంచి 'నవజీవన్' వారపత్రికలో వారం వారం గుజరాతీలో రాసిన ఆత్మకథ అది. అధ్యాయాలు రెండు మూడు పేజీలకు మించకపోవడానికి కారణం అదే. చిల్లర తీరికకు ఇంతకంటే అనువైన పెద్ద పుస్తకం లేదు. అయితే ఒక హెచ్చరిక. స్వాతంత్ర్య పోరాటం గురించి తెలుసుకోవాలని దీన్ని తీసుకుంటే నిరాశపడతారు. కథ 1920 నాగపూర్ కాంగ్రెస్ దగ్గరే ఆగిపోతుంది. దండి లేదు, క్విట్ ఇండియా లేదు. ఆహారం, బ్రహ్మచర్యం, వైద్యం మీద తనపై తాను చేసుకున్న ప్రయోగాలే ఎక్కువ. కొన్నిచోట్ల, ముఖ్యంగా కస్తూర్బా విషయంలో, ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపానికి కావలసిన సాక్ష్యం అంతా ఆయనే రాసి ఇచ్చాడన్నది తరవాత తట్టింది.

డైరీ రాసేవారికి రేపు ఏమవుతుందో తెలియదు. ఆత్మకథ రాసేవారికి అంతా తెలుసు, అందుకే ప్రతి తప్పుకూ ఒక పాఠం కట్టేస్తారు. పాఠాలతో విసిగి ఉంటే ఆన్‌ను ఎంచుకోండి. రోజుకు పది నిమిషాలే ఉంటే గాంధీ.

ప్రపంచమంతా ఒక్క పుస్తకంలో

నెహ్రూ ఉత్తరాలకు అసలు పోటీ హరారీ 'సేపియన్స్'. 2011లో హీబ్రూలో, 2014లో ఇంగ్లిషులో వచ్చింది. మానవజాతి కథనంతా ఒకే పుస్తకంలో చెప్పాలనే ఆశ ఇద్దరిదీ. చదువుతున్నంతసేపూ హరారీయే నెగ్గుతాడు. మనిషి గోధుమను మచ్చిక చేసుకోలేదు, గోధుమే మనిషిని మచ్చిక చేసుకుందంటాడు. డబ్బు, దేశం, కంపెనీ, ఇవన్నీ మనమందరం కలిసి నమ్ముతున్న కథలంటాడు. ఆ వాక్యం చదివిన రోజు రాత్రి నిద్రపట్టదు, మరునాడు కనిపించినవారందరికీ చెప్పాలనిపిస్తుంది. నేను చెప్పాను కూడా. ఒక పెద్దాయన అంతా విని, "అయితే ఆ పుస్తకం ధర కూడా కథేనా?" అన్నారు.

చిక్కు ఏమిటంటే, డెబ్బై వేల ఏళ్లను అంత నున్నగా దొర్లించినప్పుడు గతుకులు కనిపించవు. పురావస్తు పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్న విషయమూ, తేలిపోయిన విషయమూ ఒకే స్వరంతో వినిపిస్తాయి. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివినప్పుడు నా మార్జిన్లలో ప్రశ్నార్థకాలు పెరిగాయి.

నెహ్రూవి 196 ఉత్తరాలు. 1930 అక్టోబరు నుంచి 1933 ఆగస్టు దాకా వేర్వేరు జైళ్లలో రాశాడు, 1934లో పుస్తకమైంది. చేతికందే గ్రంథాలయం లేదు, అప్పుడప్పుడు వచ్చిన పుస్తకాల నుంచి రాసిపెట్టుకున్న నోట్సే ఆధారం. హెచ్.జి. వెల్స్ చరిత్ర గ్రంథం ఎంతో ఉపయోగపడిందని తానే ఒప్పుకున్నాడు. కాబట్టి తప్పులున్నాయి, పాతబడిన మాటలున్నాయి. 1930లలో ఒక జాతీయవాదికి సోవియట్ రష్యా మీద ఉన్న ఆశ ఇప్పుడు చదువుతుంటే ఇబ్బందిగా ఉంటుంది. అయినా నా ఓటు దీనికే. ఎందుకంటే తనకు తెలియనిచోట తెలియదనే చెబుతాడు. మధ్యమధ్య చరిత్ర పక్కన పెట్టి, జైలు గోడ మీది ఆకాశం గురించి మాట్లాడతాడు. ఉత్తరాలు కాబట్టి రాత్రికి ఒకటి చొప్పున చదివాను. ఆరు నెలలకు పైగా పట్టింది. ఇక్కడ నా లెక్క చక్కగా కుదిరింది.

కుతూహలం రేపుకోవాలంటే, లేదా పుస్తకాలు చదవని పెద్ద కొడుకునో కూతురినో చరిత్ర వైపు లాగాలంటే 'సేపియన్స్'తో మొదలుపెట్టండి. చరిత్రతో కొంతకాలం కాపురం చేయాలంటే ఉత్తరాలు.

చరిత్రనూ నవలనూ కలిపిన మూడో దారి ఒకటుంది, అలెక్స్ హేలీ 'రూట్స్'. సహవాసి చేతిలో 'ఏడు తరాలు'గా తెలుగులోకి వచ్చింది. తెలుగుది సంక్షిప్తమైన పుస్తకం. ఎక్కడా అనువాదం చదువుతున్నట్టు అనిపించదు, కథానాయకుడు కుంటా కింటే మన పక్కింటి పిల్లవాడిలా నడిచొస్తాడు. కానీ దాన్ని హేలీ వంశచరిత్రగా నమ్మి చదవకండి. హారాల్డ్ కూర్లాండర్ తన నవల 'ది ఆఫ్రికన్' నుంచి కొన్ని భాగాలు తీసుకున్నారని దావా వేస్తే హేలీ 1978లో రాజీ చేసుకున్నాడు. వంశవృక్షం మీద కూడా పరిశోధకులు ప్రశ్నలు లేవనెత్తారు. నవలగా చదివితే ఇవేవీ దాని శక్తిని తగ్గించవు.

ఒక ఊరు, నూరు కథలు

సత్యం శంకరమంచి 'అమరావతి కథలు', ఆర్.కె. నారాయణ్ 'మాల్గుడి డేస్'. ఒకటి మ్యాపులో ఉన్న ఊరు, మరొకటి 1935లో 'స్వామి అండ్ ఫ్రెండ్స్'తో రచయిత పుట్టించిన ఊరు. విచిత్రంగా మాల్గుడిలోనే నాకు దారులు బాగా గుర్తున్నాయి.

'అమరావతి కథలు' నూరు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చాయి, 1979లో రాష్ట్ర సాహిత్య అకాదెమీ పురస్కారం అందుకున్నాయి. మూడు నాలుగు పేజీల్లో ఒక జీవితం కృష్ణ ఒడ్డున వచ్చి, నిలబడి, వెళ్లిపోతుంది. ఒకే రోజు పది చదివితే ముగింపులు ఒకదాన్నొకటి పోలినట్టు అనిపిస్తాయి, తీపి కాస్త ఎక్కువైందనీ అనిపిస్తుంది. ఆ తప్పు నాది, కథలది కాదు. వారానికి ఒకటి చొప్పున చదువుకున్నవారికి ఆ ఇబ్బంది ఉండి ఉండదు. నారాయణ్ కథల్లో తడి తక్కువ, చమత్కారం ఎక్కువ. మొదటి కథలో జ్యోతిష్కుడి దగ్గరకు వచ్చిన మనిషి ఎవరో తెలిసినప్పుడు మనం నవ్వాలో ఉలిక్కిపడాలో తేల్చుకోలేం. ఆయన ఎవరి మీదా తీర్పు చెప్పడు. పైకి చదివి వినిపించాలంటే శంకరమంచి, మీలో మీరు నవ్వుకోవాలంటే నారాయణ్.

నవ్వు మాట వచ్చింది కాబట్టి: పగలబడి నవ్వాలంటే మొక్కపాటి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం. 1924 నాటిది. మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా ఆ ప్రయాణం ఇప్పటికీ పాతబడలేదు. తరవాతి భాగాలు ఎన్నో ఏళ్లకు వచ్చాయి. అభిమానం ఉంటే చదవండి, లేకపోతే మొదటిదానితో ఆగినా పాపం లేదు.

రెండు దిగులు నవలలు

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. రెండూ 1940లలో మొలిచినవి, రెండూ లోపలి మనిషిని తవ్వినవి. ఒకదాన్ని చదివినవారిని రెండోది చదవమని అందరూ చెబుతారు. నేను చెప్పను, కనీసం వెంటవెంటనే వద్దంటాను.

గోపీచంద్ నాయకుడు సీతారామారావు కథ వేగంగా కిందికి జారుతుంది. వంశ ప్రతిష్ఠ పేరుతో ఆస్తి పోగొట్టుకుని, ఆ తరవాత ప్రపంచాన్నంతటినీ తిట్టి, చివరికి తననే తిట్టుకుంటూ పతనమయ్యే మనిషి. అతని మీద జాలిపడే వ్యవధి కూడా గోపీచంద్ ఇవ్వడు. 'ఎందుకు' అని అడగడం నేర్పిన తండ్రికి ఆయన ఈ నవలను అంకితమిచ్చాడు. నవల చదివాక ఆ ప్రశ్న మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో చూసి భయమేస్తుంది. చిన్నది, రెండు రాత్రుల పని.

బుచ్చిబాబు నాయకుడు దయానిధి కథ జారదు, తిరుగుతూ ఉంటుంది. తల్లి గురించి లోకం వేసిన మచ్చ, కోమలి, అమృతం అనే స్త్రీలు, వజ్రాల తవ్వకం... ఏదీ ఎక్కడా తెగదు. మొదటిసారి ఇరవైల్లో చదివినప్పుడు ఇతనేమిటి ఎటూ తేల్చడు అని విసుక్కున్నాను. ఈసారి విసుగు రాలేదు. కారణం వయసే అయి ఉంటుంది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు కదా! ముప్పై దాటాక చదవమంటాను. వేగం కావాలనుకునేవారు గోపీచంద్ దగ్గరే ఉండండి.

మిగిలినవి

కవిత్వంలో శ్రీశ్రీ 'మహాప్రస్థానం', చలం తెలుగు చేసిన 'గీతాంజలి'. ఇద్దరి మధ్య వంతెన చలమే. 'మహాప్రస్థానం'కు 'యోగ్యతాపత్రం' రాసింది ఆయనే. ముందు శ్రీశ్రీని తలుపేసుకుని గొంతెత్తి చదవండి, యోగ్యతాపత్రం తరవాత చూడండి. ముందే చదివితే చలం కళ్లతోనే కవితలన్నీ కనిపిస్తాయి, అంత బలమైన పీఠిక అది. 'గీతాంజలి'కి గొంతు అక్కర్లేదు. ఒకటి చదివి పుస్తకం మూసేస్తే చాలు.

శాస్త్ర కల్పనలో మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' (1818), వెల్స్ 'ది టైమ్ మెషీన్' (1895). మొదటిదానిలో ఫ్రాంకెన్‌స్టైన్ అనేది భూతం పేరు కాదు, దాన్ని తయారుచేసినవాడి పేరు. ఆ భూతం తన గోడు తానే చెప్పుకునే అధ్యాయాలు అద్భుతం, చుట్టూ ఉన్న ప్రకృతి వర్ణనలు బరువు. వెల్స్‌ది ఒక సాయంత్రంలో అయిపోయే పుస్తకం. మొదటిసారి ఈ రకం చదివేవారికి అదే ఇవ్వండి.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు కూడా మూడు చదివాను. ఒక జంటకు ఒకటి ఎక్కువే, అయినా పోల్చడానికి ఏమీ దొరకలేదు. మూడింటిలోనూ తెల్లవారుజామునే లేవమన్నారు. లేస్తే ఆ సమయంలో నెహ్రూ ఉత్తరాలు రెండు అవుతాయి.

ఇప్పుడు నా బల్ల మీద ఇంకా తెరవని జంట ఒకటుంది. విశ్వనాథ 'వేయిపడగలు', అడవి బాపిరాజు 'నారాయణరావు'. మొదటిదాన్ని విశ్వనాథ ఇరవై తొమ్మిది రోజుల్లో చెబుతూ పోతే తమ్ముడు రాసిపెట్టాడంటారు. నా లెక్క ప్రకారం ఒక్క ఊపులో చెప్పింది ఒక్క ఊపులోనే చదవాలి, అంటే నెల రోజుల సెలవు కావాలి. దోస్తోయెవ్‌స్కీ విషయంలో ఒకసారి తప్పిన లెక్కను మళ్లీ నమ్మాలా అన్నది ఒక సందేహం. ముందు దేన్ని తెరవాలన్నది రెండో సందేహం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో ఈ రెండు నవలలకూ బహుమతిని చెరిసగం పంచారు. న్యాయనిర్ణేతలే తేల్చలేకపోయినదాన్ని తేల్చడానికి నాకు కనీసం మరో వారం పడుతుంది.